కంప్యూటరు ప్రకారం బూరుగుపేట

బూరుగుపేట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నేను టైపిస్టుని. ఈ కథలో ఎక్కడెక్కడ ఉత్తర్వులు వస్తాయో అవన్నీ నా చేత్తో టైపు చేసినవే. వాటిలో అచ్చుతప్పులుంటే అవి నావి. మిగతా తప్పులు సంతకం పెట్టినవాళ్లవి. మొట్టమొదటి తప్పు మాత్రం ఇద్దరి మధ్యా ఉమ్మడిగా జరిగిందని నా అభిప్రాయం.

ఎనభై ఆరో సంవత్సరం దాకా మా ఊళ్లో ఎవరు ఫోనెత్తినా ముందు కనకరత్నం గారి గొంతు వినిపించేది. ఆవిడ మా ఆపరేటరు. ఎదురుగా నిలువెత్తు చెక్క బోర్డు, దానికి తొంభై ఆరు రంధ్రాలు, కింద జంటలు జంటలుగా తాళ్లు. ఎవరైనా ఫోనెత్తి, "అమ్మా, డాక్టరుగారు" అంటే ఒక తాడు ఇటు, ఒక తాడు అటు గుచ్చేది. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఊళ్లో తొంభై ఆరు మంది చందాదారుల్లో ఎవరు దగ్గినా, ఎవరి దగ్గో పోల్చుకోగలిగేది.

ఆ ఏడు వేసవిలో మాకు కంప్యూటరు ఎక్స్ఛేంజి మంజూరైంది. జిల్లాలో మొదటిది. బీరువా అంత ఉన్న ఆ యంత్రం లారీలో వచ్చింది. దానితోపాటు ఎ.సి., కర్టెన్లు, 'పాదరక్షలు బయట విడువవలెను' అన్న బోర్డు వచ్చాయి. వాటి వెనకాలే డివిజనల్ ఇంజనీరు పరాంకుశం గారు వచ్చారు.

పరాంకుశం గారు చెడ్డవారు కారు. మంచినీళ్లు కావాలన్నా, "జలం విషయమై చర్య తీసుకోండి" అనేవారు, అంతే. యంత్రం ముందు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడి, మా స్టాఫునంతా పోగుచేసి ఉపన్యసించారు.

"ఇంతవరకు టెలిఫోన్లను మనుషులు కలిపారు. మనుషులన్నాక పొరపాట్లు సహజం. ఇకపై ఈ యంత్రంలోనే ఆజ్ఞలన్నీ లిఖించబడి ఉంటాయి. అది పొరపడదు. పొరపడుటకు అందులో ఏర్పాటు లేదు. ఈ సంగతి యావన్మంది గమనించగలరు."

యావన్మంది అంటే ముగ్గురం. కనకరత్నం గారు, నేను, లైన్‌మన్ సింహాద్రి.

కనకరత్నం గారిని 'మిగులు సిబ్బంది' అని ప్రకటించి, ఫిర్యాదుల రిజిస్టరు ముందు ఒక స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఆవిడ బోర్డుని వరండాలోకి జరిపారు. దాన్ని రద్దు సామానుగా తీర్మానించడానికి ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చోవాలి. ఆ ముగ్గురిలో ఇద్దరు రిటైరయ్యారు. అందుచేత బోర్డు, ఊరి లైన్ల తీగలు విప్పకుండానే, అలాగే ఉండిపోయింది.

ఇక ఆ మొదటి తప్పు సంగతి. చందాదారుల జాబితా టైపు చేసి పంపితే, పై ఆఫీసువాళ్లు దాన్ని టేపు మీదికి ఎక్కించి, ఆ టేపుకి సీలు వేసి మాకు పంపుతారు. నేను శుభ్రంగా టైపు చేశాను. పైన శీర్షిక కూడా పెట్టాను, 'చందాదారుని పేరు' అని. వాళ్లు ఆ శీర్షికను కూడా ఒక మనిషనుకుని, మొదటి నంబరు, అంటే 201, దానికి ఇచ్చేశారు. అక్కణ్ణించి ఊరంతా ఒక్కో మెట్టు కిందికి దిగిపోయింది. ఈ శీర్షిక లెక్కలో లేని అచ్చు డైరెక్టరీ చూసి ఎవరి నంబరు తిప్పినా, జాబితాలో వాళ్ల ముందున్నవాళ్లకి మోగుతుంది.

ప్రారంభోత్సవం నాడు మునిసిపల్ ఛైర్మన్ గారు మెడలో దండతో 214 తిప్పారు. అది డాక్టర్ భానోజీ గారి ఆస్పత్రి నంబరు.

"నమస్కారమండీ, బూరుగుపేట చరిత్రలో ఇది సువర్ణాక్షరాలతో..."

"ఎన్ని కేజీలు బాబూ?" అంది అవతలి గొంతు. 213 మిఠాయి కొట్టు సన్యాసయ్యది.

ఛైర్మన్ గారు అయోమయంగా చూశారు. పరాంకుశం గారు మాత్రం చప్పట్లు మొదలెట్టారు. "గంట మోగినది. మానవ స్వరం వినబడినది. ప్రయోగం సఫలం!"

మర్నాటి నుంచి నా స్నేహితులెవరూ నాతో మాట్లాడలేదు. మాట్లాడదామని ఫోను చేసినా వేరేవాళ్లు దొరికారు. కడుపునొప్పి అని డాక్టరుకి ఫోను చేసినవాళ్లకి సన్యాసయ్య మొదట్లో ఓపిగ్గా, "నేను కాదు నాయనా" అని చెప్పేవాడు. పదో ఫోనుకి విసుగెత్తి, "వాము తిని పడుకో" అనడం మొదలెట్టాడు. చాలామందికి తగ్గిందని విన్నాను. లడ్డూలకి ఫోను చేసినవాళ్లకి సినిమాహాలు తగిలేది. సబ్ జైలుకి చేసినవాళ్లకి డాక్టరు పలికేవాడు. "మావాణ్ణి ఎప్పుడు వదుల్తారండీ?" అని ఎవరో ముసలమ్మ ఏడిస్తే, "జ్వరం దిగాక" అన్నాట్ట ఆయన, ఎవరో పేషెంటు తాలూకు మనిషనుకుని.

ఎక్స్ఛేంజి ఫిర్యాదుల నంబరు 198. అది జాబితాలో లేదు కాబట్టి ఒక్కటే సరిగ్గా మోగేది. తెగ మోగింది. కనకరత్నం గారు ఒక్క పూటలో కిటుకు కనిపెట్టేసింది.

"ఒకటి కలిపి తిప్పండి," అని చెప్పేది అందరికీ. "డాక్టరు కావాలా? 215 తిప్పండి. మిఠాయిలు కావాలా? 214."

సాయంత్రానికి ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ ఈ లెక్క వచ్చేసింది. సమస్య తీరిపోయింది. నిజానికి కథ ఇక్కడితో అయిపోవలసింది.

కాని కంప్యూటరు రోజూ పొద్దున్నే గజం పొడుగు కాగితం అచ్చుకొట్టేది. చివర 'తప్పులు: సున్న' అని ఉండేది. ఆ కాగితం ఒక చేత్తో, ఫిర్యాదుల రిజిస్టరు ఇంకో చేత్తో పట్టుకుని పరాంకుశం గారు బయటికొచ్చారు.

"ఏమండీ కనకరత్నం, ఇందులో నలభై మూడు ఫిర్యాదులు నమోదైనవి. ఇందులో తప్పులు సున్న. ఈ రెంటిలో ఏది అసత్యం?"

"సార్, యంత్రం ఒక నంబరు జారిందండి. ఒకటి కలిపి తిప్పితే సరిపోతోంది. అందరికీ చెప్పేశాను."

పరాంకుశం గారి ముఖం పాలిపోయింది. "అంటే, 214 అని శాఖ ముద్రించి ఇచ్చిన డాక్టరు కొరకు ప్రజలు బుద్ధిపూర్వకంగా 215 తిప్పుచున్నారా?"

"అవునండి. దొరుకుతున్నారు."

"దొరుకుచున్నారు సరే. చట్టబద్ధంగా దొరుకుచున్నారా?"

సింహాద్రి వైరు చుట్ట భుజాన వేసుకుని ముందుకొచ్చాడు. "ఏటంత కష్టం బాబూ? నంబర్లన్నీ ఒక్క పిన్ను పక్కకి జరిపేత్తే సరిపోద్ది. ఒక్క పూటలో సేసేత్తాను."

"అలా జరిపినచో యంత్రం తప్పు చేసినదని మనం ఒప్పుకున్నట్లు కాదా?"

"ఒప్పుకోడమేటి బాబూ, జరపడవే గదా."

"జరపడమే ఒప్పుకోవడం!"

ఆ మధ్యాహ్నం నేను టైపు చేసిన ఉత్తర్వు ఇది: 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, దోషయుత సంఖ్యా భ్రమణము ద్వారా సక్రమ వ్యక్తిని సంప్రాప్తించుకొనుట నేరముగా పరిగణింపబడును.' అంటే, తప్పు నంబరు తిప్పి సరైన మనిషితో మాట్లాడకూడదని. సరైన నంబరు తిప్పి తప్పు మనిషితో ఎంతసేపైనా మాట్లాడవచ్చు. దానికి అభ్యంతరం లేదు.

201 గురించి కూడా విచారణ జరిగింది. కంప్యూటరు దాన్ని 'చందాదారుని పేరు' అనే ఆయనదంటోంది. డైరెక్టరీలో ఆయన లేడు. ఆయన తన టెలిఫోను వచ్చి తీసుకుపోవలసిందిగా 'శ్రీ చ. పేరు గారికి' అని పరాంకుశం గారు మూడు ఉత్తరాలు నా చేత రాయించారు. మూడూ తిరిగొచ్చాయి. ఓటర్ల జాబితా చూసి రమ్మని సింహాద్రిని పంపారు. వాడు రెండు పూటలు తిరిగొచ్చి, "పేరున్నోళ్లు సేనామంది ఉన్నారు బాబూ, పేరే పేరైనోడు లేడు" అన్నాడు.

నేను నిజం చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. నాకప్పటికి ప్రొబేషను ఇంకా నాలుగు నెలలుంది.

ఇంతలో పై ఆఫీసు నుంచి చీఫ్ గారు ఇన్‌స్పెక్షనుకి వస్తున్నారని తంతి వచ్చింది. బూరుగుపేట బాగుంటే ఇలాంటి యంత్రాలే రాష్ట్రమంతా పెడతారు. పరాంకుశం గారికి ప్రమోషను వస్తుంది. బాగోకపోతే యంత్రం వెనక్కి పోతుంది, ఆయనా దాంతోపాటే లారీ ఎక్కుతారు. రెండు రోజులు ఆయన అన్నం సరిగా తినలేదు. మూడో రోజు పొద్దున చెప్పులు విడవడం కూడా మరిచిపోయి యంత్రం గదిలోంచి బయటికి పరుగెత్తుకొచ్చారు.

"యంత్రం సరియైనది. తీగలు సరియైనవి. డైరెక్టరీ సరియైనది. ఇక మిగిలినదేమి?"

"ఏముందండీ?" అన్నాను.

"ఊరు! ఊరు అస్తవ్యస్తంగా ఉన్నది!"

తర్కం చాలా తేలిక. డాక్టరు నంబరు తిప్పితే మిఠాయి కొట్లో మోగుతోంది కాబట్టి డాక్టరు ఉండవలసింది మిఠాయి కొట్లో. మిఠాయి నంబరు సినిమాహాల్లో మోగుతోంది కాబట్టి మిఠాయిలు అక్కడుండాలి. జైలు నంబరు ఆస్పత్రిలో మోగుతోంది కాబట్టి జైలు ఆస్పత్రిలో ఉండాలి. చందాదారులందరూ ఒక్కో గడప జరిగితే అంతా సవ్యమవుతుంది. మొదటి విడతగా ఈ మూడింటినీ, చీఫ్ గారు వచ్చే రోజు ఉదయం పదింటికల్లా సర్దాలని ఉత్తర్వు. సినిమాహాలుని మాత్రం రెండో విడతకి వాయిదా వేశారు. తెర మడవొచ్చు గాని గోడలు మడతపడవని ఆయనే ఒప్పుకున్నారు.

డాక్టరు భానోజీ గారు ఎగిరిపడ్డారు. "పేషెంట్లని జిలేబీ మూకుడు పక్కన చూడమంటారా?"

"చూడనిచో మీ టెలిఫోను తొలగించబడును."

టెలిఫోను రావడానికి డాక్టరుగారు తొమ్మిదేళ్లు కాచుకున్నారు. స్టెతస్కోపు మెళ్లో వేసుకుని బయల్దేరారు. సన్యాసయ్య గొణుక్కుంటూ బూందీ పళ్లాలు సినిమాహాలు వరండాలోకి మోయించాడు. జైలరు ముత్యాలనాయుడు గారు ఒక్కరే సంతోషించారు. సబ్ జైలు కురుస్తుంది, ఆస్పత్రిలో ఫ్యాన్లున్నాయి. ఉన్న ఆరుగురు ఖైదీలని లెక్కపెట్టి, తాడు పట్టించి, బజారు మధ్యగా నడిపించుకుపోయి ఆస్పత్రిలో మంచానికొకణ్ణి కూర్చోబెట్టారు. 'సైలెన్స్' అని గోడ మీద రాసుండడం ఆయనకి బాగా నచ్చింది.

పదకొండింటికి చీఫ్ గారు దిగారు. పొట్టిగా, నవ్వుముఖంతో ఉన్నారు. యంత్రం చూశారు, సున్న తప్పుల కాగితాలు చూశారు, చాలా ఆనందించారు. తర్వాత సంచీలోంచి సీలు వేసిన డబ్బా తీశారు.

"పరాంకుశం, మీకో శుభవార్త. పోయిన టేపులో ఏదో ఒక వరస జారిందిట. మా వాళ్లు సరిదిద్దారు. నేనే స్వయంగా తెచ్చాను." అంటూ, ఎవరూ నోరు తెరిచేలోగా దాన్ని యంత్రంలో పెట్టి మీట నొక్కేశారు.

యంత్రం గుర్రుమంది. తొంభై ఆరు నంబర్లూ ఎవరివి వాళ్లకి చేరిపోయాయి. చేరవలసిన మనుషులే అక్కడ లేరు.

సరిగ్గా అప్పుడే సింహాద్రి పెళ్లానికి నెప్పులు మొదలయ్యాయి. సింహాద్రి మా దగ్గర చీఫ్ గారికి టార్చిలైటు పట్టుకుని నిలబడున్నాడు. అతని తల్లి ఎర్రమ్మ, కోడలు గౌరమ్మని రిక్షాలో వేసుకుని తిన్నగా ఆస్పత్రికి తీసుకుపోయింది. గుమ్మంలో ముత్యాలనాయుడు గారు రిజిస్టరు పట్టుకుని ఉన్నారు.

"ఏం కేసు?"

"కాన్పు కేసు బాబూ! డాట్రుబాబు ఏడి?"

"ఏ సెక్షను?"

"కోసే సెక్సనక్కర్లేదన్నారు బాబూ, మామూలుగానే అయిపోద్దన్నారు!"

జైలరుగారు రాసుకుంటూ రాసుకుంటూ గౌరమ్మ ముఖం చూసి రిజిస్టరు కింద పడేశారు. ఒక ఖైదీ మంచం దిగి ఇచ్చాడు. జైలరుగారు ఫోనెత్తి, చట్టప్రకారం డాక్టరు నంబరు 214 తిప్పారు. ఎంగేజిలో ఉంది. మళ్లీ తిప్పారు. మళ్లీ ఎంగేజి. అయిదోసారి గాని ఆయనకి తట్టలేదు, తన చేతిలో ఉన్న ఫోనే 214 అని. వేరే నంబరు తిప్పి డాక్టర్ని పట్టుకుంటే నేరం. జైలరై ఉండి తనే నేరం చెయ్యలేక 198 తిప్పారు.

కనకరత్నం గారు రెండు ముక్కలు విన్నది. "ఒక్క నిమిషం పట్టుకోండి నాయుడుగారూ" అని రిసీవరు బల్ల మీద పెట్టి వరండాలోకి నడిచింది. చెక్కబోర్డు మీది గుడ్డ లాగేసింది. ఆ వేళ్లు తాళ్లని వెతుక్కోలేదు. ఒకటి 214లో, ఒకటి 213లో గుచ్చి, మీట తిప్పింది.

పరాంకుశం గారు వెనకే పరుగెత్తారు. "ఏమిటిది? ఆ బోర్డు రద్దయినది!"

"బోర్డు రద్దయింది సార్. గౌరమ్మ నెప్పులు రద్దవలేదు." తర్వాత బోర్డు వైపు తిరిగి, "డాక్టరుగారా? మీ ఆస్పత్రికి రండి. అవును, జైలుకే. సింహాద్రి భార్యకి కాన్పు. సన్యాసయ్య పొయ్యి మీద వేణ్ణీళ్లుంటాయి, గిన్నెతో పట్టించుకు రండి" అంది.

సింహాద్రి చేతిలో టార్చి అలాగే వెలుగుతోంది. మూడో నిమిషానికి వాడు అక్కడ లేడు. టార్చి చీఫ్ గారి చేతిలో ఉంది.

డాక్టరుగారు మిఠాయి కొట్టు సైకిలు మీద వచ్చారు, వెనక ఒకడు వేణ్ణీళ్ల గిన్నెతో. నలుగురు ఖైదీలు దుప్పటి అడ్డం పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఒకడు విసనకర్ర పట్టాడు, కరెంటు పోయింది మరి. ఆరోవాడు బయట గుమ్మం దగ్గర ఎర్రమ్మని పట్టుకుని ఏడిచాడు. కోళ్ల దొంగతనం కేసులో ఉన్నవాడు, మనసు చాలా మెత్తనట. పన్నెండుంపావుకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. సింహాద్రి పిల్లని ఎత్తుకుని ఎర్రమ్మకి చూపించాడు. జైలరుగారు కళ్లు తుడుచుకుని, తర్వాత రిజిస్టరు తీసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

పొద్దున తలల లెక్క ఆరు. సాయంత్రం ఎనిమిది. తగ్గితే ఏం చెయ్యాలో జైలు రూల్సులో ఉంది గాని పెరిగితే ఏం చెయ్యాలో లేదు. పారిపోయినవాణ్ణి పట్టుకోవచ్చు, వచ్చినవాళ్లని ఎలా వదలడం? ఆయన మర్నాడు మేజిస్ట్రేటు గారికి రాసుకున్నారు. మేజిస్ట్రేటు గారు చాలాసేపు ఆలోచించి, తల్లిని 'పొరపాటున ప్రవేశించినందున'నూ, పిల్లని 'సత్ప్రవర్తన కారణంగా'నూ విడుదల చేశారు.

చీఫ్ గారు రాసిన రిపోర్టు నేనే టైపు చేశాను. యంత్రం తప్పులు సున్న. ఊళ్లో స్వల్ప సర్దుబాట్లు అవసరమైనవి, అవి శ్రీ పరాంకుశం చాకచక్యంతో పూర్తిచేసినారు. సదరు అధికారిని మరింత పెద్ద ఊరికి ప్రమోషను మీద పంపవలెను. వారంలో ఎవరి చోటికి వాళ్లు తిరిగి చేరారు. సన్యాసయ్య కొట్లో మందుల వాసన పోవడానికి పది రోజులు పట్టింది.

కనకరత్నం గారికి మాత్రం మెమో వచ్చింది. రద్దయిన బోర్డు ద్వారా, అనుమతి లేకుండా, ఒక చందాదారుని మరొక చందాదారునితో కలిపినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదు?

ఆవిడ నా టైపు మిషను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. "రాయి నాయనా. నేను కలిపిన నంబరు తప్పు కాదు. కలిపిన మనిషీ తప్పు కాదు. ఇందులో ఏది నేరమో తెలియజేస్తే, సంజాయిషీ దాని గురించి ఇచ్చుకుంటాను."

నేను టైపు చేసి, ఆవిడ వైపు చూడకుండా, ఆ జాబితా పైన శీర్షిక పెట్టింది నేనేనని చెప్పేశాను. ఆవిడ సంతకం పెట్టి సిరా ఆరబెడుతూ, "తెలుసు. ఆ మొదటి రోజే చూశాను. పిల్లాడివి, ప్రొబేషను పోతుందని ఊరుకున్నాను" అంది.

ఆ సంజాయిషీకి జవాబు రాయడం పై ఆఫీసువాళ్ల వల్ల కాలేదు. జవాబు రాయకుండా ఉండాలంటే నేరం లేకుండా చెయ్యాలి. నేరం లేకుండా చెయ్యాలంటే బోర్డు రద్దు కాకూడదు. అందుచేత బోర్డుని 'కంప్యూటరు సహాయక పరికరం'గాను, కనకరత్నం గారిని 'సహాయక పరికర సహాయకురాలు'గాను నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. స్టూలు తీసేసి కుర్చీ ఇచ్చారు.

పరాంకుశం గారు ప్రమోషను మీద వెళ్లిన ఊళ్లో ఇంతకంటే మూడింతల పెద్ద యంత్రం పెట్టారు. పిల్లల పరీక్షలయ్యేదాకా ఆయన భార్యాబిడ్డలు బూరుగుపేటలోనే ఉన్నారు. వెళ్లిన నాలుగో రోజు సాయంకాలం ఆరు గంటలకి కనకరత్నం గారి బోర్డుకి ట్రంకు కాలొచ్చింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన గొంతు అలిసిపోయినట్టుంది. "ఇందుమూలముగా" లేదు, "గమనించగలరు" లేదు.

"అమ్మా, నేను పరాంకుశాన్ని. ఇక్కడి యంత్రంలో పొద్దుట్నుంచి అక్కడి మా ఇంటి నంబరు తిప్పుతున్నాను. ఎవరో ఐసు ఫ్యాక్టరీవాళ్లు పలుకుతున్నారు. నంబరూ గింబరూ వద్దమ్మా. మా ఆవిడతో ఒక్కసారి మాట్లాడించండి."

కనకరత్నం గారు తాడు చేతిలోకి తీసుకుంది.

"మీ ఆవిడ ఇప్పుడు ఇంట్లో ఉండరు సార్. ఈ వేళప్పుడు తాసిల్దారు గారింట్లో ఉంటారు, వడియాలు ఎత్తుతున్నారు. అక్కడికి కలుపుతున్నా, పట్టుకోండి."